రిమార్కుల గడి

అయినా చివరి గడి ఎవరు చదువుతారు? పేరు చూస్తారు, తేదీ చూస్తారు, తండ్రి పేరు చూసి ‘ఆ, మనవాళ్ళే’ అనుకుంటారు, కాగితం మడిచి బీరువాలో పెట్టేస్తారు. ముప్పై ఏడేళ్ళు బళ్ళో పనిచేసిన మా అక్క కూడా అంతే చేసింది. పిల్లలు సున్నా చుట్టిన తీరు నచ్చకపోతే కేకలేసే మనిషి, తన కాగితాన్ని మాత్రం ముందు నుంచే చదువుకుంది. ఆ మాటకొస్తే ఆమె దగ్గరున్న సర్టిఫికెట్‌లో చివరి గడే లేదు. అది ఆఫీసు రిజిస్టర్లో మాత్రమే ఉంటుంది. కనక తప్పు ఆమెది కాదు. ఈ మాట ఇప్పుడు అనగలుగుతున్నాను. ఆ వానాకాలంలో అనలేదు.

నేను ప్రూఫ్‌రీడర్ని. పేజీని వెనక నుంచి చదవడం నా పని నేర్పిన పద్ధతి. ముందు నుంచి చదివితే అర్థం మనల్ని చెయ్యి పట్టుకుని లాక్కుపోతుంది. ఏది ఉండాలో అదే ఉన్నట్టు కనిపిస్తుంది. వెనక నుంచి చదివితే ఎవరూ లాగరు. ఉన్నదే కనిపిస్తుంది. ముప్పై ఏళ్ళుగా పాఠ్యపుస్తకాలు అట్లాగే చదివాను, చివరి పేజీ చివరి మాట నుంచి. ఎన్ని కథలు చదివానో, ఒక్క కథా నాకు తెలియదు.

అప్పుడు ఇంట్లో ముగ్గురం. ఎనభై దాటిన అమ్మ, అక్క, నేను. నాన్న పోయి చాలాకాలమైంది. అక్క రెండు వీధుల అవతల బడికి హెడ్‌మిస్ట్రెస్. ఆమె గేటు దాటడమూ గంట కొట్టడమూ ఒకేసారి జరిగేవి, అందుకని పిల్లలు ఆమెని గంటమ్మ అనేవారు. ఆ నెలాఖరు శుక్రవారంతో రిటైరవుతోంది. ఒక్క ఏడాది పొడిగించమని అర్జీ పెట్టుకుంటే పైవాళ్ళు కుదరదన్నారు. ఆ ఉత్తరం వచ్చిన రోజు నుంచీ పొద్దున్నే స్నానాల గదిలోంచి ఒక గొణుగుడు వినపడేది. మొదట ఏదో పాట అనుకున్నాను. తలుపు దగ్గరికెళ్ళి వింటే హాజరు పిలుస్తోంది. ఒక పేరు, కాస్త ఆగడం, ఇంకో పేరు. నీళ్ళ చప్పుడులోంచి ఎవరో పలుకుతున్నట్టే ఆగేది.

“ఏమే, నీ ప్రెస్సులో కంప్యూటరుందిగా,” అంది ఒకరోజు అన్నం దగ్గర. “అన్ని ఊళ్ళ పాత పుట్టుక రిజిస్టర్లూ ఆన్‌లైన్లో పెట్టారట. మన వంశానికో చార్టు తయారుచెయ్యి. వీడ్కోలు సభలో గోడకి పెట్టిస్తాను. ముత్తాత నుంచి నా దాకా.”

“నీ దాకానేనా? నేను?”

“నువ్వూ ఉంటావులే, పక్కన.”

అమ్మ నవ్వింది. అమ్మ మా ఇద్దరిలో ఎవరికి దెబ్బ తగిలినా నవ్వేది, పక్షపాతం లేకుండా.

“తేదీలు జాగ్రత్తగా రాయి,” అంది అక్క. “ఆ డ్రాయింగు మాస్టారిలా చెయ్యకు.”

డ్రాయింగు మాస్టారి సంగతి అప్పటికి మేము చాలాసార్లు విన్నాం. రికార్డుల్లో పడినదానికంటే తాను రెండేళ్ళు చిన్నవాణ్ణని, వాళ్ళ బామ్మ చెప్పిందని, తేదీ మార్పించమని ఆయన రిటైరయ్యే ముందు అక్క కాళ్ళావేళ్ళా పడ్డాడు. బామ్మ సంతకం చెల్లదు అంది అక్క. ఆ మాట చెప్పుకుని ఏడాదిపాటు నవ్వుకుంది.

“రూలు రూలే. సర్వీసులో ఆఖరి రోజు సాయంత్రం అయిదు లోపల రిజిస్టరు నకలు తెచ్చి చూపిస్తే తేదీ మారుస్తారు, ఎన్నాళ్ళు తగ్గితే అన్నాళ్ళు కుర్చీలో ఉండొచ్చు. అయిదు దాటాక తెస్తే ఆ కాగితంతో పడవ చేసుకోవాల్సిందే. బయట వానకి కొదవేముంది?”

మర్నాడు ప్రెస్సులో మధ్యాహ్నం భోజనాల వేళ డీటీపీ అమ్మాయి తన కుర్చీ నాకిచ్చింది. ఏడాది కొట్టాలి, తండ్రి పేరు కొట్టాలి, ఊరు ఎంచుకోవాలి. బిడ్డ పేరు ఇష్టమైతే కొట్టొచ్చు, లేకపోతే లేదు. చాలామంది పిల్లలకి రిజిస్టర్లో రాసేనాటికి పేరు పెట్టరు కదా. కాసేపటికి పసుపుపచ్చ పేజీ ఒకటి తెరమీద తేలుతుంది, ఎవరో గుమస్తా చేతిరాతతో.

“ఏం మేడమ్, సంబంధాలు చూస్తున్నారా?” అంది ఆ అమ్మాయి డబ్బా మూత తీస్తూ.

“చచ్చిపోయినవాళ్ళలో వెతుకుతున్నా.”

“మంచి పని. ఎదురు చెప్పరు.”

తాతయ్య దొరికాడు. ఆయన తమ్ముళ్ళు దొరికారు. నాన్న దొరికాడు. నాన్న పేరు కొట్టి, అక్క పుట్టిన ఏడాది కొట్టాను. అక్క వచ్చింది. పేరుంది, తేదీ ఉంది, మా పాత ఊరుంది. అందరూ అక్కడే ఆగుతారు. నేను అక్కడ మొదలుపెట్టను. జరుపుకుంటూ కుడిచివరకి వెళ్ళాను. రిమార్కుల గడిలో సిరా మారింది. వేరే చెయ్యి, వేరే రోజు. ‘మరణ రిజిస్టరు చూడుము’ అని, కింద పేజీ, వరుస సంఖ్య.

గుమస్తా పొరపాటున పక్క వరుసలో రాసి ఉంటాడనుకున్నాను. తప్పు కనిపించగానే మురిసిపోకూడదు, సరిచూడాలి. మరణ రిజిస్టరు తెరిచాను. అదే పేరు. అదే తండ్రి, అదే తల్లి. ఆడ. వయసు పదకొండు నెలలు. జ్వరం.

అప్పుడు మా అక్క ఎక్కడుందో నాకు తెలుసు. బళ్ళో ఉంది. అయిదో పీరియడు అయి ఉంటుంది, ఎవర్నో బెంచీ ఎక్కించి ఉంటుంది.

ఇంకా ముందుకి జరిపాను. మరణం తర్వాత ఎనిమిది నెలలకి నాన్న పేరు మీద ఇంకో పుట్టుక. ఆడ. పేరు గడి ఖాళీ. రిమార్కుల గడి కూడా ఖాళీ. మొదటి పుట్టుకకీ దీనికీ మధ్య పందొమ్మిది నెలలు. ఆ తర్వాత రెండేళ్ళ అయిదు నెలలకి నేను, పేరుతో సహా. నాకూ అక్కకీ నాలుగేళ్ళు తేడా అని పుట్టినప్పటి నుంచీ విన్నదాన్ని, కాసేపు నన్ను నేను తడుముకుని చూసుకున్నాను, ఏదైనా మారిందేమోనని.

మూడు పేజీలూ ప్రింటు తీశాను. కింద ఆఫీసు ముద్ర కూడా పడి వచ్చింది. పందొమ్మిది నెలలు. ఏడాది అడిగితే ఇవ్వనన్నారు, ఇక్కడ ఏడాదిన్నర పైన ఊరికే పడి ఉంది.

“ఎవరైనా దొరికారా మేడమ్?”

“ఒకళ్ళు ఎక్కువ దొరికారు,” అన్నాను.

ఇంటికెళ్ళి ఇచ్చేయాలనే అనుకున్నాను. దారంతా ఆ కాగితాలు తడవకుండా జాకెట్టు లోపల పెట్టుకుని నడిచాను. మంచి చెల్లెళ్ళు అట్లాగే నడుస్తారు. గుమ్మంలో అడుగు పెడుతుంటే అక్క లోపల్నుంచి అరిచింది. “కాళ్ళు తుడుచుకో! ఎన్నేళ్ళొచ్చినా ఇదొక్కటీ రాదు దీనికి.”

కాళ్ళు తుడుచుకున్నాను. గదిలోకి వెళ్ళి కాగితాలు నిఘంటువులో పెట్టాను, మధ్యలో ఎక్కడో.

ఆ నిఘంటువులో ఇంకో కాగితం కూడా ఉంది. నా ఇరవై నాలుగో ఏట ఒక బైండరుకి ఉత్తరం రాసుకున్నాను. పంపలేదు, రాసుకున్నాను. అది అక్క చేతికి చిక్కింది. ఆమె అరవలేదు, కొట్టలేదు. సాయంత్రం కూర్చుని ఎర్రసిరాతో దిద్ది, కింద మార్కులు వేసి, అన్నం పళ్ళెం పక్కన పెట్టింది. వందకి ముప్పై ఒకటి. “భావం పర్లేదు,” అంది. నాన్న కూడా నవ్వాడు. ఆ బైండరు పుస్తకాలు కుట్టేటప్పుడు దారాన్ని పళ్ళతో తెంపేవాడు. అంతకంటే ఆయన గురించి నాకిప్పుడు ఏమీ గుర్తులేదు. ఎర్రగీతలన్నీ గుర్తున్నాయి. మరుసటేడు ప్రూఫ్‌రీడరు ఉద్యోగంలో చేరాను. ఎందుకు చేరానో తెలుసుకోవడానికి చాలాకాలం పట్టింది.

రోజుకోసారి అక్క అడిగేది. “ఏమైనా దొరికిందా?”

“తాతయ్య రెండో తమ్ముడు దొరికాడు.”

“నాది చూశావా?”

“చూశాను. ఉంది.”

“ఉండకేం! ఎక్కడికి పోతుంది?”

అట్లా మూడు వారాలు. ఆమె సన్నబడింది. తిండి మధ్యలో గడియారం వైపు చూసేది. బళ్ళో తన గదిలోంచి ఒక్కొక్క వస్తువే ఇంటికి తెచ్చేది. పేపర్‌వెయిట్, గొడుగు, చేతిగంట. చేతిగంటని బల్లమీద పెట్టి, మోగకుండా లోపలి నాలుకకి గుడ్డ చుట్టింది. నేను చూస్తూ ఉండేదాన్ని. ఎదురుగా ఒక మనిషి దాహంతో ఉంటే, చేతిలో నీళ్ళ గ్లాసు పెట్టుకుని, ఇస్తాను, ఇప్పుడే ఇస్తాను అనుకుంటూ కూర్చోవడంలో ఇంత సుఖముంటుందని నాకు తెలియదు. ఆ మూడు వారాలూ నాకు బాగా ఆకలేసేది, హాయిగా నిద్రపట్టేది. ప్రెస్సులో డీటీపీ అమ్మాయి, “రంగు తేలారు మేడమ్,” అంది.

ఒక ఆదివారం అక్క బడికెళ్ళింది, సెలవైనా సరే. అమ్మ గదిలో తాళ్ళమీద తడిబట్టలు వేలాడుతున్నాయి. కింద కూర్చుని అమ్మ కాలిగోళ్ళు తీస్తున్నాను.

“అమ్మా, అక్క కంటే ముందు ఇంకో పిల్ల పుట్టిందా?”

అమ్మ పాదం నా చేతిలో కదల్లేదు. “ఎవరన్నారు?”

“కంప్యూటర్లో ఉంది.”

“దానికేం పనిలేదా?” అంది అమ్మ. కంప్యూటర్ని.

“దాని పేరేనా అక్కకి పెట్టారు?”

“పేరు బాగుంటుంది. మీ నాన్న ఎంతో ఆలోచించి పెట్టాడు. పారేయడం దేనికి? సర్టిఫికెట్టు కూడా ఉందాయె. మళ్ళీ ఆఫీసు చుట్టూ ఎవరు తిరుగుతారు? ఈ ఊరొచ్చాక అడిగేవాళ్ళెవరు?”

“పందొమ్మిది నెలలు పెద్దదాన్ని చేసి బళ్ళో వేశారు కదమ్మా. క్లాసులో అందరికంటే పొట్టిగా ఉండేదట. పలక పట్టుకోవడం రాదని కొట్టేవాళ్ళట.”

“మొద్దు, కొట్టరూ?” అమ్మ కిటికీ వైపు తిరిగింది. “అది ఇట్లా కాదు. పదో నెలలోనే అడుగులేసింది. ఆ పేరు పెట్టి దీన్ని పిలిచినప్పుడల్లా అదే వస్తుందేమోనని చూసేదాన్ని. ఇది వచ్చేది.”

బయట వాన కాస్త నెమ్మదించింది. నేను ఇంకో గోరు తీశాను.

“మరి నేను?”

“నీకు కొత్త పేరు వెతకాల్సొచ్చింది,” అంది విసుగ్గా.

“అక్కకి చెప్పమంటావా?”

“చెప్పుకో. పెద్దకూతుర్ని పెద్దకూతుర్నని నెత్తికెక్కి కూర్చుందిగా. దిగుతుంది.” అమ్మ పాదం ముందుకి తోసింది. “చిటికెనవేలు వదిలేశావ్.”

ఆ రోజు నిజంగా జాలేసింది. నాలుగేళ్ళు రాని పసిదాన్ని, అయిదేళ్ళు నిండాయని కాగితం చూపించి, తనకంటే పెద్దపిల్లల మధ్య కూర్చోబెట్టారు. అందుకే అంత గట్టిగా అరవడం నేర్చుకుంది. అందుకే గంట మోగే వేళకే గేటు దాటడం. ఇదంతా నాకు స్పష్టంగా అర్థమైంది. అర్థమైతే మనసు కరుగుతుందంటారు. నాకు అర్థమైంది, అంతే.

చార్టు మాత్రం శ్రద్ధగా రాశాను. ముత్తాత, తాతయ్య, ఆయన తమ్ముళ్ళు, నాన్న, అమ్మ. కింద రెండు కొమ్మలు. అక్క పేరు కింద పుట్టిన ఏడాది రాయలేదు, వరుసా రాయలేదు. తప్పని తెలిసిన మాట నా చేత్తో రాయలేను. అదొక్కటే నాకున్న నీతి. గురువారం సభకి వెళుతూ మూడు కాగితాలూ సంచిలో పెట్టుకున్నాను. ఇవ్వాలని తీసుకెళ్ళానో, పక్కనే ఉంచుకోవాలని తీసుకెళ్ళానో ఇప్పటికీ చెప్పలేను. మర్నాడు శుక్రవారం. ఇంకా ఒక పూర్తి రోజుంది.

రేకుల కప్పు మీద వాన మోత. ముందు బెంచీల్లో పిల్లలు, వెనక టీచర్లు. రిటైరైన డ్రాయింగు మాస్టారు కూడా వచ్చాడు. “మేడమ్‌గారి దగ్గర రూలంటే రూలే,” అని మైకులో రెండుసార్లు అన్నాడు. పొగిడినట్టే ఉంది. అక్క తల ఊపింది. తర్వాత చార్టు దగ్గరికి వెళ్ళి, కర్రతో ఒక్కొక్క పేరే చూపిస్తూ పాఠం చెప్పినట్టు చెప్పింది. కర్ర తన పేరు దగ్గరికొచ్చి ఆగింది.

“ఇదేమిటే?” నన్ను వెతికి పట్టుకుంది, మూడో వరుసలో. “లే. లేచి నించో.”

లేచాను. యాభై ఆరేళ్ళ మనిషిని. పిల్లలు కిసుక్కుమన్నారు.

“ఇక్కడేం రాయాలి? ఏడాది ఏది? ‘ప్రథమ సంతానం’ అని ఉండొద్దూ? చూశారా పిల్లలూ, ఈవిడ మా చెల్లెలు. ప్రూఫ్‌రీడరు! ముప్పై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ తప్పులన్నీ ఏరుతోంది, ఇంట్లోది మాత్రం కనిపించదు.”

హాలంతా నవ్వింది. డ్రాయింగు మాస్టారు అందరికంటే ఆలస్యంగా, అందరికంటే ఎక్కువసేపు నవ్వాడు. అక్క బల్లమీది ఎర్రపెన్ను తీసి, నా చార్టు మీద, తన పేరు కింద, గుండ్రని అక్షరాలతో రాసింది. ప్రథమ సంతానం. ఏడాది వేసింది. కింద గీత గీసింది.

“కూర్చో,” అంది.

కూర్చున్నాను. సంచి ఒళ్ళో పెట్టుకున్నాను.

శుక్రవారం పొద్దున్న స్నానాల గదిలో హాజరు లేదు. నీళ్ళ చప్పుడే. తయారై గుమ్మం దాకా వచ్చి ఆగింది. గొడుగు విప్పింది, ముడిచింది. ఆమె అట్లా నిలబడడం నేనెప్పుడూ చూడలేదు.

“వాన తగ్గుతుందంటావా?” అంది.

నా గది తలుపు తెరిచే ఉంది. రాత్రి కాగితాలు మళ్ళీ పెట్టేసిన నిఘంటువు బల్లమీద కనిపిస్తోంది.

“తగ్గదు,” అన్నాను. “ఆలస్యమవుతోంది, వెళ్ళు.”

“నీకు భయమేస్తుందా ఎప్పుడైనా?” అంది అటు తిరిగే. జవాబు కోసం ఆగలేదు. వీధి మలుపు తిరిగేదాకా గొడుగు కనిపించింది.

సాయంత్రం అయిదింటికి నేను భూగోళం పుస్తకంలో పేజీ నంబర్లు సరిచూస్తున్నాను, చివర్నుంచి. నూట పన్నెండు, నూట పదకొండు, నూట పది. తలెత్తేసరికి అయిదూ పది. డీటీపీ అమ్మాయి కంప్యూటరు కట్టేసి లేచింది. “వెళ్దామా మేడమ్?” అంది. వెళ్ళాం.

ఇప్పుడు మా ఇంట్లో ముగ్గురం మూడు గదుల్లో తింటున్నాం. అక్క పేరు ఎవరూ పలకరు. అమ్మ పిలవాలనుకుంటే బల్లమీద చేత్తో కొడుతుంది. కానీ అదంతా తర్వాతి సంగతి.

శనివారం పొద్దున్న లేచేసరికి అక్క బడికెళ్ళే బట్టలు కట్టుకుని, తల దువ్వుకుని, అన్నం బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఎదురుగా ఎర్రపెన్ను. బయట వాన ఆగిపోయింది. ఆ నెలంతా లేని ఎండ బల్లమీద సగం దాకా వచ్చింది. నన్ను చూసి నవ్వబోయి, మానేసింది.

“ఏమైనా ఉంటే ఇవ్వవే,” అంది. “ప్రూఫులో ఏదో ఒకటి. దిద్దిపెడతాను. ఊరికే కూర్చోలేకపోతున్నా.”

నేను పుట్టాక ఆమె నన్ను ఇట్లా బతిమాలి అడగడం అదే మొదలు. గొంతులో అధికారం లేదు. పలక పోగొట్టుకున్న పిల్లలా అడిగింది. తన అసలు వయసులో మాట్లాడింది అనిపించింది నాకు.

గదిలోకి వెళ్ళాను. ఇంటికి తెచ్చుకున్న భూగోళం ప్రూఫులు బల్లమీదే ఉన్నాయి, కట్ట విప్పి. వాటిని తీసుకున్నాను. మళ్ళీ కింద పెట్టాను. నిఘంటువు తెరిచాను. ఉత్తరాన్ని అక్కడే ఉంచి, ఆ మూడు కాగితాలూ తీశాను. వరుస సరిచేశాను, మొదటి పుట్టుక పైన. తెచ్చి ఆమె ముందు పెట్టాను.

అక్క కళ్ళజోడు పెట్టుకుంది. పెన్ను మూత తీసింది. ఎడమ నుంచి చదివింది, పైకే, పిల్లలకి చెప్పించినట్టు. తేదీ, ఊరు, నాన్న పేరు. మొహం వెలిగింది.

“నాదేగా! అసలు రిజిస్టరే సంపాదించావన్నమాట. ఇంతందంగా ఉంటే మొన్న సభలోనే చూపించొద్దూ!” పెన్ను వరుస వెంట నడిచి తన పేరు మీద ఆగింది. “ఇందులో దిద్దడానికేముందే? అంతా సరిగ్గానే ఉంది.”

కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాను. చెయ్యి చాచి, ఆ కాగితం కుడిచివరన, సిరా మారినచోట వేలు పెట్టాను.

“ఇక్కణ్ణించి చదువక్కా,” అన్నాను.